నల్లరేగడి నేల – నీటి జమాఖర్చు

వైశాఖమాసపు ఎండలో ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగునకు పోవు దారికి ఇరుప్రక్కల ఉన్న నల్లచేలను చూచినచో, నేల అంతయు నెర్రెలు విచ్చి కనబడును. కొన్ని నెర్రెలలో వ్రేలు దూరును. కొన్నింటిలో చేయి దూరును. సన్నని పొడవైన కట్టెను లోనికి దింపినచో ఒకచోట మోకాలిలోతు, మరియొకచోట అంతకంటె లోతు దిగును. పులివెందుల ప్రాంతపు నల్లచేలలోను ఇదే దృశ్యము. అవే చేలను ఆశ్వయుజ మాసములో, రెండు మూడు మంచి వానలు కురిసిన పిమ్మట చూచినచో నెర్రె జాడయే ఉండదు. నేల ఉబ్బి మెత్తబడి, నడచువాని కాలికి బంకవలె అంటుకొనును. చెప్పు ఊడివచ్చును గాని మట్టి ఊడిరాదు.

వేసవిలో ఆ నెర్రెలలోని ఖాళీ ఎక్కడినుండి వచ్చినది? వానకాలములో ఎక్కడికి పోయినది? ఆ చేనిలోని మట్టిని ఎవరును మోసికొని పోలేదు. ఎవరును తెచ్చి పోయలేదు. మారినది నీరు మాత్రమే. నల్లరేగడి నేల తనలోనికి వచ్చిన నీటిని, తననుండి పోయిన నీటిని తన శరీరముపైననే లెక్క వ్రాసికొనుచుండును. వాన జమ, ఆవిరి ఖర్చు. జమ హెచ్చినచో ఉబ్బును. ఖర్చు హెచ్చినచో కుంచించుకొనును. ఈ లెక్కను చదువగలిగినవాడు శనగ ఎప్పుడు విత్తవలెనో, ఇంటి పునాది ఎంతలోతు తీయవలెనో కొంతవరకు ముందుగనే తెలిసికొనగలడు.

నలుపు ఎరువునకు గుర్తు కాదు

నేల నల్లగా ఉన్నది కావున అందులో ఆకు, పేడ మొదలగు సేంద్రియ పదార్థము మెండుగా ఉండునని పలువురు విద్యార్థులు భావింతురు. ఇది సరికాదు. ఈ ప్రాంతపు రేగడిలో సేంద్రియ కర్బనము సాధారణముగా నూటికి ఒక వంతు కన్న తక్కువే. ఆ కొద్దిపాటి పదార్థము అతిసన్నని బంకమట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకొని ఉండుటయు, కొన్ని ఖనిజముల రంగును నలుపునకు కారణములు. రేగడి గొప్పతనము దాని రంగులో లేదు. దాని బంకమట్టిలో ఉన్నది.

ఆ బంకమట్టి పుట్టుక ఈ సీమ రాళ్లలో ఉన్నది. కడప జిల్లా పడమటి భాగమున, పెన్నా, కుందూ నదుల పరిసరములలో సున్నపురాళ్లు, షేల్ అను పలుచని పొరల రాళ్లు విస్తారముగా కలవు. ఇండ్లలో నేలపై పరచు నాపరాళ్లు ఈ సున్నపురాళ్ల జాతివే. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో వెలువడిన తన గ్రంథమున కర్నూలు శ్రేణి రాళ్లను విభజించుచు ఒక విభాగమునకు జమ్మలమడుగు పేరును, మరియొక విభాగమునకు కుందూనది పేరును పెట్టెను. ఇట్టి రాళ్లు వేలయేండ్లుగా శిథిలమై, కొంత ఉన్నచోటనే నిలిచియు, కొంత ఏటినీటితో కొట్టుకొని వచ్చి పల్లములందు పేరుకొనియు రేగడి నేలలైనవి.

అయితే రాయి ఒక్కటియే చాలదు. రాయి శిథిలమగునప్పుడు అందలి కాల్షియము, మెగ్నీషియము, సిలికా నీటిలో కొంత కరుగును. మెండుగా వానలు కురిసి నీరు సులభముగా లోనికి దిగిపోవు చోట్ల ఈ పదార్థములు కడుగుకొని పోవును. అచట మిగులునది కయోలినైట్ అను బంకమట్టి. అది తడిసినను అంతగా ఉబ్బదు. ఎఱ్ఱనేలలలో సాధారణముగా ఉండునది ఇదే. వానకంటె ఆవిరి హెచ్చుగా ఉండి, నీరు నెమ్మదిగా కదలు పల్లములందు కాల్షియము, మెగ్నీషియము, సిలికా నేలలోనే నిలిచిపోవును. అచట మాంట్‌మోరిల్లొనైట్ అను మరియొక బంకమట్టి ఏర్పడును. ఫ్రాన్సు దేశమున మాంట్‌మోరిల్లాన్ అను ఊరి దగ్గర దొరకిన మట్టిని 1847లో వర్ణించినప్పుడు దీనికి ఈ పేరు వచ్చినది. అనగా, నేడు రేగడిని ఉబ్బించి ముడిపించు వాన, ఆవిరులే మొదట ఆ బంకమట్టి పుట్టుటకును తోడ్పడినవి.

పొరల నడుమ నీరు

మాంట్‌మోరిల్లొనైట్ రేణువును పుస్తకముతో పోల్చవచ్చును. అందలి ఒక్కొక్క కాగితము ఒక ఖనిజపు పొర. పొర మందము మిల్లీమీటరులో పదిలక్షవ వంతు మాత్రమే. రెండు సిలికా పలకల నడుమ ఒక అల్యూమినా పలక ఇరికించినట్లు దాని కట్టడము ఉండును. పొరపై స్వల్పముగా ఋణవిద్యుదావేశము ఉండుటచే, రెండు పొరల నడుమ కాల్షియము, మెగ్నీషియము, సోడియముల ధనాయాన్లు చేరి ఉండును. నీరు తగిలినంతనే ఈ అయాన్లు నీటి అణువులను తమ చుట్టు చేర్చుకొనును. పొరలు ఎడముగా జరుగును. ఆరినచో నీటి అణువులు వెడలిపోయి పొరలు మరల దగ్గరకు వచ్చును. తడిసిన పుస్తకము ఉబ్బినట్లే రేణువు ఉబ్బును. కయోలినైట్ పుస్తకములో కాగితములు ఒకదానికొకటి గట్టిగా అంటుకొని ఉండుటచే వాటి నడుమకు నీరు పోజాలదు.

ఈ పొరలన్నింటి ఉపరితలము లెక్కించినచో ఆశ్చర్యము కలుగును. ఒక గ్రాము మాంట్‌మోరిల్లొనైట్‌లోని పొరల ఉపరితలమంతయు కలిపి సుమారు 700 నుండి 800 చదరపు మీటర్లు. ఐదారు గ్రాములనగా ఒక చెంచాకు మించని మట్టి. దాని పొరల ఉపరితలము ఒక ఎకరము విస్తీర్ణమునకు సమానమగును. కయోలినైట్‌నకు గ్రాముకు 10 నుండి 20 చదరపు మీటర్లే. నీటిని పట్టి ఉంచు శక్తిలో ఎఱ్ఱనేలకును నల్లనేలకును గల భేదమునకు ఇది ముఖ్య కారణము.

కాని పట్టి ఉంచిన నీరంతయు పైరునకు దక్కదు. పొరలకు అతి సమీపమున ఉన్న నీటిని వేరు లాగజాలదు. ఒక మీటరు లోతుగల మంచి రేగడి, పైరు తీసికొనగల నీటిని సుమారు 150 నుండి 200 మిల్లీమీటర్ల వరకు నిలువ చేయగలదు. కడప సీమలో మెట్టపైరునకు ప్రాణము ఈ నిలువయే.

ఆరు నేల చీలుట ఎట్లు?

ఎండ తగిలినప్పుడు నేల పైపొర మొదట ఆరును. రేణువుల నడుమనున్న సన్నని సందులలో నీటి తలము లోనికి వంగును. తలతన్యత వలన ఆ వంగిన నీటితలము రేణువులను ఒకదానివైపు మరియొకదానిని లాగును. సందు ఎంత సన్ననో లాగుట అంత బలము. రేగడిలోని సందులు మిక్కిలి సన్ననివి కావున ఆ బలము హెచ్చు. పైపొర కుంచించుకొన యత్నించును. క్రింది పొర ఇంకను తడిగా ఉండి కుంచించుకొనదు. పైపొర అన్నివైపులకు బిగియబట్టిన గుడ్డవలె బిగిసి, బలహీనమైన చోట చిరుగును. అదే నెర్రె. మొదటి నెర్రెకు అడ్డముగా రెండవది, దానికి అడ్డముగా మూడవది పుట్టి, నేలయంతయు నాలుగైదు భుజములు గల పెళ్లలుగా విడిపోవును. క్రింది పొర ఆరినకొలది నెర్రె లోతుకు దిగును.

నేల కుంచించుకొను రీతిని ఇంగ్లండులో హేన్స్ అను శాస్త్రజ్ఞుడు 1923లో కొలిచి వివరించెను. తడిమట్టి ఆరునప్పుడు చాలవరకు, ఎన్ని ఘనపు సెంటీమీటర్ల నీరు పోవునో మట్టి పరిమాణము కూడ అన్ని ఘనపు సెంటీమీటర్లు తగ్గును. నీరు పోయినచోట గాలి చేరదు. మట్టియే దగ్గరకు వచ్చును. చివరకు రేణువులు ఒకదానికొకటి తగిలి ఇక దగ్గరకు రాలేనప్పుడు కుంచించుట ఆగును. నీరు పోయిన చోటులోనికి గాలి ప్రవేశించును. అంతకుమించి ఆరినను మట్టి తగ్గని ఈ మేరకు కుంచన అవధి యని పేరు. స్వీడన్ దేశీయుడు అట్టర్‌బర్గ్ 1911లో ఏర్పరచిన మట్టి కొలతలలో ఇది ఒకటి.

జమ ఎంత? ఖర్చు ఎంత?

కడప జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఇందులో సగమునకు మించి జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనము వలన, సుమారు మూడవ వంతు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వలన వచ్చును. నల్లమల, పాలకొండ, శేషాచలముల కొండవరుసలు తూర్పున అడ్డముగా నిలుచుటచే తీరపు వాయుగుండముల వాన పడమటి తాలూకాలకు చేరునప్పటికి పలుచబడును. అందుచే జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములకు జిల్లా సగటుకంటె తక్కువయే దక్కును. ఒక ఏడాదికిని మరియొక ఏడాదికిని గల తేడా మరింత కష్టమైనది. సగటు వాన కాగితముపై ఉండును గాని చేనిలో ఏటేట కురియదు.

ఖర్చు వైపు చూతము. నీటిని ఆవిరిగా మార్చు శక్తి సూర్యుని వేడిమికి, పొడిగాలికి, గాలివేగమునకు ఉన్నది. వాతావరణ కేంద్రములలో నాలుగడుగుల వ్యాసము, పది అంగుళముల లోతుగల తొట్టిలో నీరు పోసి దినదినము ఎంత తగ్గినదో కొలుతురు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పెన్‌మన్ 1948లో ఎండ, ఉష్ణోగ్రత, తేమ, గాలివేగములను బట్టి ఆవిరిని లెక్కకట్టు సూత్రమును కనుగొనెను. రాయలసీమలో ఏడాది పొడుగున గాలి కోరు నీరు 1500 మిల్లీమీటర్లకు మించును. అనగా వాన ఇచ్చుదానికి రెండు రెట్లకు పైగా.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. 700 వచ్చి 1500 పోవుట ఎట్లు? పోదు. 1500 అనునది గాలి అడుగు లెక్క. నేల ఇచ్చు లెక్క కాదు. తడినేల గాలి అడిగినంత ఇచ్చును. పైన రెండు మూడు అంగుళములు ఆరిన పిమ్మట క్రిందినీరు పైకి వచ్చు దారి తెగును. అప్పుడు గాలి ఎంత అడిగినను నేల కొద్దికొద్దిగానే ఇచ్చును. ఆరిన పైమన్ను క్రిందితడికి కప్పువలె పనిచేయును. నెర్రెలు లేనిచో ఈ కప్పు చాలవరకు తడిని కాపాడును. నెర్రె విచ్చినచో కప్పు చిరిగినట్లే. మీటరు లోతున దాగిన తడి నెర్రె గోడల ద్వారా నేరుగా వేడిగాలిని తాకును. ఆవిరి నెర్రెను పుట్టించును. నెర్రె ఆవిరిని పెంచును.

ఒక చిన్న లెక్క

ఒక మీటరు లోతువరకు తడిసిన రేగడి నుండి 60 మిల్లీమీటర్ల నీరు పోయినదనుకొందము. హేన్స్ చెప్పినట్లు పోయిన నీరెంతయో తగ్గిన పరిమాణము అంతయే. 1000 మిల్లీమీటర్ల లోతులో 60 అనగా నూటికి ఆరు వంతులు. మట్టి అన్నివైపుల సమానముగా కుంచించుకొనినచో పొడవున నూటికి రెండు, వెడల్పున రెండు, లోతున రెండు వంతులు తగ్గును.

లోతున రెండు వంతులు తగ్గుట అనగా నేలమట్టము రెండు సెంటీమీటర్లు దిగుట. దీనిని కంటితో గుర్తింపజాలము. పొడవున, వెడల్పున రెండేసి వంతులు తగ్గుట అనగా ప్రతి మీటరుకు రెండు సెంటీమీటర్ల ఖాళీ. ఇది మాత్రము నెర్రెగా కనబడును. మీటరు వెడల్పు పెళ్లకు రెండు సెంటీమీటర్ల నెర్రె అన్నమాట.

ఇప్పుడు ఎకరము లెక్క. ఎకరము సుమారు 4047 చదరపు మీటర్లు. 60 మిల్లీమీటర్ల నీరు అనగా ఎకరమునకు సుమారు 2,43,000 లీటర్లు. తగ్గిన పరిమాణములో మూడవ వంతు నేల దిగుటలో పోగా, మిగిలిన రెండు వంతులు, అనగా సుమారు 160 ఘనపు మీటర్లు, నెర్రెల ఖాళీగా ఉండును. ఆ నెర్రెలను నీటితో నింపవలెనన్న సుమారు 40 మిల్లీమీటర్ల వాన కావలెను. నిజమైన చేనిలో పైపొర హెచ్చుగాను, క్రిందిపొర తక్కువగాను ఆరుటచే అంకెలు కొంత మారును గాని లెక్క తీరు ఇదే. నెర్రెను చూచి, పోయిన నీటిని అంచనా వేయవచ్చును.

తొలివాన, మలివాన

ఈ లెక్క వలన రైతులు ఎరిగిన ఒక సంగతికి కారణము తెలియును. జ్యేష్ఠమాసములో నెర్రెలు విచ్చిన చేనిపై ఒక పెద్దవాన కురిసినను వాగు పారదు, గట్టు తెగదు. నీరు నెర్రెలలో పడి నేరుగా లోతునకు పోవును. నేల పైనుండి క్రిందికి కాక, క్రిందినుండియు ప్రక్కలనుండియు తడియును. తడిసిన పెళ్లలు ఉబ్బి నెర్రె మూసికొనును. ఆ పిమ్మట రేగడి తలుపు మూసిన ఇల్లు వంటిది. ఉబ్బిన బంకమట్టిలో నీరు గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి దిగుట కష్టము. అంతే వాన భాద్రపదములో కురిసినచో చాలభాగము చేనిపై నిలిచియో, పైమన్నును కోసికొని వాగులోనికి పారియో వృథాయగును.

కావున ఒకే 50 మిల్లీమీటర్ల వానకు రెండు కాలములలో రెండు ఫలితములు. వాన ఎంత కురిసినదని మాత్రమే అడిగిన చాలదు; అది పడునప్పుడు నేల ఏ స్థితిలో ఉన్నదని కూడ అడుగవలెను. వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, నీటిని చేనిలోనే కొంతసేపు ఆపుట మలివాన కొరకు చేయు పనులు.

నెర్రె వలన మరియొక పనియు జరుగును. పైనున్న పొడిమన్ను, చెత్త నెర్రెలలో పడును. వానకు నేల ఉబ్బినప్పుడు ఆ అదనపు మట్టికి చోటు చాలక లోపలి పెళ్లలు ఒకదానిపై నొకటి ఒరసికొని పైకి జరుగును. గుంట త్రవ్వి చూచినచో, ఒరసికొనిన తలములు రుద్ది మెరుగుపెట్టినట్లు నిగనిగలాడుచు కనబడును. ఏటేట ఇట్లు జరుగుటచే రేగడి తన్నుతానే తిరుగవేసికొనునని చెప్పుదురు.

శనగచేనిలో పరుగు

జమ్మలమడుగు, పులివెందుల నల్లచేలలో బుడ్డశనగ ముఖ్యమైన రబీ పంట. అక్టోబరు, నవంబరు మాసములలో విత్తి, జనవరి, ఫిబ్రవరులలో కోయుదురు. విత్తిన పిమ్మట వాన పడినచో పడును, లేనిచో లేదు. ఎక్కువభాగము నేలలో నిలిచిన తడియే పైరును నడిపించును.

ఇచట పరుగుపందెము వంటిది ఒకటి జరుగుచుండును. ఒకవైపు తడి పైనుండి క్రిందికి ఇంకిపోవుచుండును. మరియొకవైపు శనగవేరు తడిని వెంబడించుచు క్రిందికి దిగుచుండును. వేరు ముందున్నంతకాలము పైరు పచ్చగా ఉండును. విత్తుట పది రోజులు ఆలస్యమైనదనుకొందము. అక్టోబరులో తడినేల నుండి దినమునకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున పోయినను పది రోజులకు 40 మిల్లీమీటర్లు. నేలలోని నిలువ 160 మిల్లీమీటర్లైనచో నాలుగవ వంతు, విత్తనము మొలకెత్తక ముందే ఖర్చయినది. ఆ లోటు కాయ గట్టిపడు దినములలో బయటపడును. అప్పటికి చేయగలది ఏమియు ఉండదు.

మరి ముందుగా విత్తరాదా? తడిరేగడిలో నాగలి దిగదు, గొర్రు కదలదు, మట్టి బంకగా అంటుకొనును. పూర్తిగా ఆరినచో రాయివలె గట్టిపడును. ఈ రెంటికి నడుమ కొద్ది దినములు మాత్రమే నేల విత్తుటకు అనువుగా ఉండును. దానినే రైతు పదును అనును. ఎఱ్ఱనేలలో పదును విడిచినచో మరియొక చిన్నవానతో తిరిగివచ్చును. నల్లనేలలో అంత తేలికగా రాదు. నేల చేతికి అంటక, గట్టిగాను ఉండక, పిడికిట పట్టి వదలిన పొడిగా విడిపోవు ఆ స్థితిని చేతితోనే గుర్తించు నేర్పు రైతులకు వంశపారంపర్యముగా వచ్చినది. శాస్త్రము దానికి అంకెలు మాత్రము చేర్చినది.

ఖరీఫులో చేనిని ఖాళీగా ఉంచి గుంటకతో పలుమారు పైపైన పారించుట ఈ సీమలో పాత అలవాటు. చూచువారికి ఇది వట్టి శ్రమగా తోచును. కాని గుంటక రెండు పనులు చేయును. కలుపును కోసి, అది త్రాగు నీటిని మిగుల్చును. పైమన్నును పొడిచేసి నెర్రెల నోళ్లను పూడ్చి, చిరిగిన కప్పును కుట్టును. శనగ మొలచిన పిమ్మట సాళ్ల నడుమ గుంటక తోలుటయు ఇందుకే. నెర్రె పెద్దదైన పిమ్మట పూడ్చుటకంటె వెంట్రుకవలె ఉన్నప్పుడే పూడ్చుట మేలు. ఆలస్యమైనచో నెర్రె వేళ్లను కూడ తెంపును. 1906లో నంద్యాలలో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన కేంద్రము ఇట్టి నల్లనేలల నడుమనే ఉన్నది.

కాలువనీరు వచ్చినచోట లెక్క మారును గాని లేకుండపోదు. 1863 – 1870 నడుమ మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నిర్మించి, 1882లో ప్రభుత్వము కొనిన కర్నూలు – కడప కాలువ ప్రొద్దుటూరు ప్రాంతమునకు నీరిచ్చుచున్నది. రేగడికి అవసరమునకు మించి నీరు పెట్టినచో అది క్రిందికి దిగిపోజాలక నిలిచి, ఆవిరియగునప్పుడు తనలోని ఉప్పును పైనే విడిచిపోవును. ఆవిరి నీటిని మాత్రమే తీసికొనును, ఉప్పును తీసికొనదు. కొన్ని యేండ్లకు నేల చౌడగును. మురుగు పోవు దారి లేని సేద్యము ఒక ప్రక్క జమకట్టుచు, మరియొక ప్రక్క అప్పు పెంచుకొనుట వంటిది.

గోడలపై నెర్రెలు

చేనిలో నెర్రె గుంటకతో పూడును. గోడలో నెర్రె పూడదు. రేగడిపై కట్టిన ఇల్లు తాను కదలకపోయినను దాని క్రింది నేల కదలుచుండును. ఇంటి నడుమ భాగమునకు ఎండయు వానయు తగులవు కావున అచట తేమ ఇంచుమించు నిలకడగా ఉండును. గోడల అంచుల వెంట మాత్రము నేల వానకు ఉబ్బి, వేసవికి దిగుచుండును. నడుమ ఒక తీరు, అంచున ఒక తీరు అగుటచే గోడలు వంగి, కిటికీల మూలలనుండి వాలుగా చీలికలు పుట్టును. వానకాలములో తలుపు పట్టుకొనుటయు, వేసవిలో వదులగుటయు దీనికి తొలి గుర్తులు. గోడదగ్గర పెద్దచెట్టు ఉన్నచో దాని వేళ్లు ఒక ప్రక్క నేలను మరింత ఆరబెట్టును. చూరునీరు గోడమొదట పడినచో మరియొక ప్రక్క ఉబ్బించును.

వాన, ఆవిరుల ప్రభావము ఒక లోతు దాటిన పిమ్మట ఉండదు. మనదేశపు నల్లరేగడులలో అది సుమారు మూడు, మూడున్నర మీటర్లు. దీనినిబట్టి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బిన కాంక్రీటు స్తంభములను ఆ లోతుకు దింపి, ఇంటి బరువును కదలని నేలపై నిలుపు పద్ధతిని రూపొందించినది. అంత ఖర్చు పెట్టలేనివారు పునాది క్రిందను చుట్టును నల్లమన్ను తీసి, ఉబ్బని గరుసు నింపి, ఇంటిచుట్టు నీరు నిలువకుండ వాలుగా నాపరాళ్లు పరచుట వలన కొంత రక్షణ పొందవచ్చును. ఉపాయము రెంటిలోను ఒకటే: క్రింది నేల జమాఖర్చులు ఇంటిని తాకకుండ చేయుట.

తిరిగి ఉబ్బని నేలలు

ఆరినప్పుడు కుంచించుకొను నేల రేగడి ఒక్కటియే కాదు. చలిదేశములలోను, మలయా ద్వీపముల వంటి అధికవర్ష ప్రాంతములలోను పీట్ అను నేలలు కలవు. అచట వాన ఆవిరికంటె హెచ్చు. నీరు ఎల్లప్పుడు నిలిచి ఉండుటచే గాలి తగులక, చచ్చిన నాచు, గడ్డి, వేళ్లు పూర్తిగా కుళ్లక వేలయేండ్లుగా పేరుకొనును. అదే పీట్. కడప సీమలో పీట్ ఏర్పడకుండుటకును, రేగడిలో సేంద్రియ పదార్థము తక్కువగా ఉండుటకును కారణము ఒకటే. ఇచట ఆవిరిదే పైచేయి.

పీట్ నేలలను సేద్యమునకై ఎండగట్టినప్పుడు మొదట నీరు పోయి రేగడివలెనే కుంచించుకొనును. అంతటితో ఆగదు. నీరు తొలగిన చోట గాలి ప్రవేశించి, సూక్ష్మజీవులు ఆ వృక్షపదార్థమును తినివేయును. నేలయే బొగ్గుపులుసు వాయువుగా మారి ఆకాశమునకు పోవును. ఇంగ్లండులో హోల్మ్ ఫెన్ అను చోట 19వ శతాబ్ది మధ్యకాలమున ఒక ఇనుపస్తంభమును, దాని తల నేలతో సమముగా ఉండునట్లు దింపిరి. నేడు ఆ స్తంభము సుమారు నాలుగు మీటర్లు నేలపైకి నిలిచి ఉన్నది. స్తంభము పెరుగలేదు, నేల దిగిపోయినది. ఎంత వాన కురిసినను ఆ నాలుగు మీటర్లు తిరిగిరావు. రేగడి కోల్పోవునది నీటిని మాత్రమే. వాన రాగానే తిరిగి పొందును. పీట్ తన పదార్థమునే కోల్పోవును.

అట్లని రేగడికి నష్టము లేదనరాదు. తిరిగివచ్చునది దాని పరిమాణము. వాగులో పోయిన పైమన్ను తిరిగిరాదు. భూగోళము వేడెక్కుచున్న ఈ దినములలో ఖర్చు పద్దు కూడ పెరుగుచున్నది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినచో గాలి పట్టగల ఆవిరి నూటికి సుమారు ఏడు వంతులు హెచ్చును. పొడిరోజులలో ఆ గాలి నేలను మరింతగా పిండును. వానరోజులలో అదే ఆవిరి కుండపోతగా కురియును. నెర్రెలు మూసికొనిన రేగడి అట్టి వానను త్రాగజాలదని పైన చూచితిమి.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

ఒకటి. నల్లమన్ను, ఎఱ్ఱమన్ను వేరువేరుగా ఎండబెట్టి, మెత్తగా నూరి, సన్నని జల్లెడతో జల్లించుడు. 100 మిల్లీలీటర్ల కొలజాడులు రెండు తీసికొని ఒక్కొక్కదానిలో 10 గ్రాముల నల్లమన్ను వేసి, ఒకదానిలో కిరసనాయిలు, మరియొకదానిలో నీరు పోసి కలిపి 24 గంటలు కదపక ఉంచుడు. కిరసనాయిలు పొరల నడుమకు పోజాలదు కావున అందులో మన్ను ఉబ్బదు. నీటిలోని మన్ను మట్టమునుండి కిరసనాయిలులోని మన్ను మట్టమును తీసివేసి, వచ్చినదానిని కిరసనాయిలు మట్టముతో భాగించి 100తో గుణించినచో ఉబ్బు శాతము వచ్చును. కిరసనాయిలులో 10, నీటిలో 18 మిల్లీలీటర్లు ఉన్నచో ఉబ్బు నూటికి 80. ఎఱ్ఱమన్నుతో ఇదే చేసి పోల్చుడు. భారత ప్రమాణములలో 1977లో చేరిన ఈ పరీక్షను ఇంజనీర్లు నేటికిని చేయుచున్నారు.

రెండు. ప్లాస్టిక్ గొట్టము ముక్కను నిలువున రెండుగా కోసి, లోపల నూనె పూసి, ఒకదానిలో నల్లమన్ను ముద్దను, మరియొకదానిలో ఎఱ్ఱమన్ను ముద్దను సమముగా నింపి నీడలో ఆరనిండు. వారము తరువాత రెంటి పొడవులు కొలువుడు.

మూడు. ఇది ఓపికతో చేయవలసినది. ఊరిప్రక్క నల్లచేనిలో ఒక నెర్రెకు ఇరువైపుల రెండు పొడవైన మేకులు దిగగొట్టి, వారమునకొకసారి వాటి నడుమ దూరమును కొలిచి పుస్తకములో వ్రాయుడు. ప్రక్కనే ఆ వారము పడిన వాన వ్రాయుడు. ఫిబ్రవరి నుండి నవంబరు వరకు వ్రాసిన ఆ రెండు వరుసలను గీతపటముగా గీసినచో, వాన గీత లేచినచోట నెర్రె గీత దిగుట, వాన ఆగినచోట నెర్రె మరల విచ్చుట కంటికి కనబడును.

ఆ పటమును చేనిగల రైతునకు చూపుడు. మేకుల నడుమ దూరము ఎన్ని మిల్లీమీటర్లో అతనికి తెలియకపోవచ్చును గాని, ఏ వారము పదును వచ్చినదో, ఏ వారము దాటిపోయినదో ఆ గీతలపై వ్రేలుపెట్టి అతడే చూపగలడు.